నిలిచే సంతోషం దగ్గరి మనుషుల వల్లే వస్తుందా? మీ అనుభవం చెప్పండి

కొండాపూర్_శ్రీను (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. ప్రమోషన్ వచ్చినా, ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయినా, కొత్త కారు కొన్నా ఆ ఆనందం నెలో రెండు నెలలో ఉంటుంది. తర్వాత మళ్ళీ మామూలే. మరి నిలిచే సంతోషం దేనిలో ఉంది?

హార్వర్డ్ వాళ్ళ అధ్యయనం గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1938లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. హార్వర్డ్ కాలేజీ కుర్రాళ్ళు 268 మంది, బోస్టన్ పేద వాడల పిల్లలు 456 మంది, మొత్తం 724 మందిని జీవితమంతా గమనిస్తూ వచ్చారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీ కూడా అందులో ఒకడు. రెండేళ్ళకోసారి ప్రశ్నలు పంపేవారు, ఆసుపత్రి రికార్డులు తెప్పించుకునేవారు, ఇళ్ళకు వెళ్ళి మాట్లాడేవారు. పోనుపోను వాళ్ళ భార్యల్నీ పిల్లల్నీ కూడా చేర్చుకున్నారు. ఇప్పుడు దాన్ని నడిపిస్తున్న రాబర్ట్ వాల్డింగర్ చెప్పేదేమిటంటే, దగ్గరి సంబంధాలు బాగున్నవాళ్ళే ఎక్కువ సంతోషంగా, ఎక్కువ ఆరోగ్యంగా బతికారని. యాభై ఏళ్ళ వయసులో తమ మనుషులతో తృప్తిగా ఉన్నవాళ్ళు ఎనభైకి వచ్చేసరికి మిగతావాళ్ళకంటే గట్టిగా ఉన్నారట. ఆ సంగతి ముందే పసిగట్టడానికి కొలెస్ట్రాల్ రిపోర్టు కంటే ఈ తృప్తే బాగా పనికొచ్చిందట.

వాళ్ళడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను పట్టుకుంది. "అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోయినా, భయమేసినా ఎవరికి ఫోన్ చేయగలరు? అందరి పేర్లూ రాయండి." ఫోన్‌లో నంబర్లకేం కొదవ లేదు. రాయడానికి కూర్చుంటే మా ఆవిడ పేరు తర్వాత పెన్ను కదల్లేదు.

మీరైతే ఎవరి పేర్లు రాస్తారు? వాళ్ళను ఎలా నిలుపుకున్నారు?

లెక్కల_రవి (పుణే)

శ్రీను గారూ, అధ్యయనం గొప్పదే, కాదనను. కానీ కొన్ని విషయాలు గుర్తుపెట్టుకుని చదవాలి. మొదట చేరిన 724 మందీ మగవాళ్ళే, అందరూ తెల్లవాళ్ళే. హార్వర్డ్ కుర్రాళ్ళను ఏరింది కూడా ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్నవాళ్ళను చూసి. పైగా ఒంట్లో ఓపిక ఉన్నవాడు నలుగురిలో తిరుగుతాడు. మంచానపడ్డవాడి దగ్గరికి రాకపోకలు తగ్గిపోతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఈ ఒక్క అధ్యయనంతో తేలదు.

ఇంకో సంగతి. కొత్తదనం పాతబడటం మనుషుల విషయంలోనూ జరుగుతుంది. జర్మనీలో 24 వేల మందికి పైగా జనాన్ని ఏటా ప్రశ్నించి పోగుచేసిన 15 ఏళ్ళ సమాచారాన్ని రిచర్డ్ లూకాస్ అనే అమెరికా మనస్తత్వవేత్త బృందం 2003లో పరిశీలించింది. పెళ్ళి చుట్టుపక్కల సంతోషం కొంత పెరిగింది, తర్వాత సగటున పాత స్థాయికే వచ్చేసింది. అయితే సగటు వెనక పెద్ద తేడాలున్నాయి. కొందరికి పెరిగిన సంతోషం ఏళ్ళ తరబడి నిలిచింది, కొందరు పెళ్ళికి ముందుకంటే కిందికి జారారు. కాబట్టి పెళ్ళైందా, స్నేహితులున్నారా అని టిక్కు పెట్టుకుంటే ఏమీ తెలియదు. ఆ ఇంట్లో, ఆ స్నేహంలో రోజూ ఏం నడుస్తోందో చూడాలి.

తెనాలి_మాస్టారు (తెనాలి)

శ్రీను, రవి, ఇద్దరూ మా పిల్లల ఈడువాళ్ళు అనుకుంటాను, ఏకవచనంలో పిలిస్తే ఏమనుకోకండి. రవి చివర అన్న మాట దగ్గర నేను అందుకుంటాను.

మా ఇంటావిడ పోయాక పదిరోజులూ ఇల్లంతా జనమే. పెద్దకర్మ అయ్యాక ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళక తప్పదు కూడా. ఆ తర్వాత వచ్చినవాడు ఒక్కడే. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, మా వీధి చివర ఉంటాడు. పొద్దున్నే పేపరు పట్టుకుని వచ్చి వసారాలో కూర్చునేవాడు. మధ్య పేజీలు నాకిచ్చి ముందు పేజీ తను తీసుకునేవాడు. ధైర్యంగా ఉండండి, కాలమే మాన్పుతుంది లాంటి మాటలు ఒక్కటీ అనలేదు. నాకు కాఫీ పెట్టుకోవడం రాదని తెలుసు, అందుకని ఫ్లాస్కులో తెచ్చేవాడు. కొన్నాళ్ళు పోయాక ఫ్లాస్కు మానేసి నన్ను స్టవ్ ముందు నిలబెట్టాడు. ఫిల్టర్‌లో పొడి ఎంత వేయాలి, ఎంత అదమాలి, నీళ్ళు మరిగాక ఎప్పుడు పోయాలి అన్నీ చేయించాడు. మొదటిసారి డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగితే ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆవిడ పోయాక నేను నవ్వింది అప్పుడే.

అర్ధరాత్రి ఫోన్ అంటే ముందు ఆయన పేరే రాస్తాను. మా అబ్బాయి మీద ప్రేమ లేక కాదు, అతను బెంగళూరులో ఉన్నాడు, ఈయన వీధి చివర ఉన్నాడు.

మా తరం మగవాళ్ళకు ఒక జబ్బుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చిన్నప్పటి నుంచీ విని విని, బాధ ఎవరికీ చెప్పం. మన దగ్గరివాళ్ళకు కూడా మనం ఎలా ఉన్నామో తెలియదు. అప్పుడు దగ్గరితనం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇందూరు_పద్మ (నిజామాబాద్)

మాస్టారూ, మీ పోస్టు చదివి కళ్ళు చెమర్చాయి. కానీ ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి నేను అనాలి. దగ్గరి సంబంధాలు అనగానే అందరూ ఉమ్మడి కుటుంబం ఫొటో చూపిస్తారు. నేను అట్లాంటి ఇంటికే కోడలిగా వచ్చాను. పదిమంది ఉన్న ఇల్లు. నాకు జ్వరమొస్తే ఆ పూట వంట ఎవరు చేయాలన్న లెక్కే నడిచేది, నీకెట్లుంది అని అడిగినవాళ్ళు లేరు. నిండా మనుషులున్న ఇంట్లో నేనున్నంత ఒంటరిగా ఇంకెక్కడా లేను.

శ్రీను అన్నా, మీరు చెప్పిన హార్వర్డ్ వాళ్ళే ఈ సంగతి కూడా చెప్పారు. ప్రేమ లేకుండా ఎప్పుడూ గొడవలతో నడిచే కాపురం ఆరోగ్యానికి చాలా చెడ్డదని, విడిపోవడం కంటే కూడా చెడ్డది కావచ్చని. ఆ ముక్క మాత్రం మనవాళ్ళెవరూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయరు.

నా సంతోషం ఎక్కడ దొరికిందంటే మా కుట్టు షాపులో. బ్లౌజులు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్ళు కొలతలయ్యాక కూడా పోరు. ఒకామె బిడ్డ చదువు గురించి, ఒకామె భర్త తాగుడు గురించి. మిషన్ ఆపి వింటాను. అట్లా మొదలైన వాళ్ళమే బతుకమ్మకు ఒకచోట చేరుతాం. తంగేడు, గునుగు ఎక్కడ బాగా పూసిందో ముందే మాట్లాడుకుని తెల్లవారకముందే పోతాం. గునుగుకు రంగులద్దుకుంటూ కూర్చున్నప్పుడు మాట్లాడుకున్నన్ని మాటలు మా ఇంట్లో ఏడాదంతా కలిపినా ఉండవు. వాళ్ళలో ముగ్గురి పేర్లు నేను కళ్ళు మూసుకుని రాస్తాను.

రక్తసంబంధం గొప్పదే. వినే చెవి లేకపోతే మాత్రం అది ఆధార్ కార్డు మీది పేరే.

లెక్కల_రవి (పుణే)

పద్మక్కా, చివరి వాక్యం రాసి పెట్టుకుంటున్నాను.

డాలస్_కృష్ణ (అమెరికా)

ఇక్కడి సంగతి చెప్తాను. ప్రతి వీకెండ్ ఎవరో ఒకరింట్లో పాట్‌లక్, అంటే తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు. పుట్టినరోజు, గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, వినాయక చవితి. వందమందిని పలకరిస్తాం. హెచ్1బీ, గ్రీన్ కార్డ్, ఇళ్ళ రేట్లు, స్కూల్ జిల్లాలు, ఇవే మాటలు. ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడనట్టే ఉంటుంది. చాలాకాలం ఇది నా ఒక్కడికే అనుకున్నాను.

కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో ఒక లెక్క ప్రచురించాడు. ముఖపరిచయం కాస్త స్నేహం కావడానికి ఇద్దరూ సుమారు 50 గంటలు కలిసి గడపాలట, స్నేహితుడు అనుకోవడానికి 90, బాగా దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటాలట. ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలు అంతగా లెక్కకు రావట. కలిసి కాలక్షేపం చేసిన గంటలే ముఖ్యం. ఇది చదివాక పాట్‌లక్ పజిల్ విడిపోయింది. వందమందికి తలా ఐదు నిమిషాలు పంచితే ఎవరితోనూ ఏదీ పోగవదు.

ఇద్దరు మాత్రం మిగిలారు, రోజూ కార్‌పూల్‌లో నాతో వచ్చినతనూ, అతని భార్యా. ట్రాఫిక్‌లో ఇరుక్కుని చేసేదేం లేక మాట్లాడుకునేవాళ్ళం, మా నాన్న గురించీ వాళ్ళ నాన్న గురించీ. మా ఆవిడ డెలివరీకి రావాల్సిన అత్తగారికి వీసా ఆలస్యమైంది. మేం నోరు తెరిచి అడగలేదు. అతని భార్య తన పిల్లాడిని చంకనేసుకుని వచ్చి మా వంటింట్లో దిగింది. పథ్యం వంట, వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నీ ఆవిడే చూసుకుంది. ఇప్పుడు వాళ్ళు వేరే రాష్ట్రానికి మారారు. ప్రతి ఆదివారం పొద్దున ఫోన్ మాత్రం తప్పదు. మాట్లాడటానికి విషయం లేకపోయినా చేస్తాం.

జగిత్యాల_నుంచి_దుబాయ్ (యూఏఈ)

కృష్ణ అన్నా, మీకు ఇంటివాళ్ళన్నా పక్కనున్నారు. మేం కార్మికుల క్యాంపులో ఒక రూమ్‌లో ఆరుగురం. సంబంధాలే సంతోషం అంటే నాకు కోపం కూడా వస్తుంది. అప్పు తీరాలంటే ఇక్కడ ఉండాలి, ఇక్కడ ఉంటే బిడ్డ పెరగడం ఫోన్‌లో చూడాలి. పైసలు లేకుంటే బంధం కూడా నలుగుతుంది, అది కూడా రాయండి.

అయినా చెప్తాను. మొదట్లో ఫోన్ చేస్తే పైసలు వచ్చినయా, ఎంత పంపావు, ఎవరికెంత ఇచ్చావు, ఇదే మాట. నాకు నేనో ఏటీఎం అయినట్టు అనిపించేది, నా భార్యకు లెక్కలు అప్పజెప్పుతున్నట్టు ఉండేది. తనే ఒకరోజు ఫోన్ పొయ్యి పక్కన నిలబెట్టింది. వీడియోలో నేను, అక్కడ తను కూరగాయలు తరుగుతుంది. నేను కూడా ఇక్కడ ఉల్లిగడ్డలు తరుగుతా, ఆ వారం వంట నా వంతు. బోటిమ్ యాప్‌లో కాల్ అట్లనే నడుస్తుంటది. మధ్యమధ్యలో బిడ్డ వచ్చి తన నోట్‌బుక్ చూపిస్తుంది. పైసల మాట నెలకోసారి, విడిగా మాట్లాడుకుంటాం. అప్పటి నుంచి ఫోన్ పెట్టేశాక గుండె బరువు తగ్గింది.

కొండాపూర్_శ్రీను (హైదరాబాద్)

తమ్ముడూ, కోపం న్యాయమే. నేను ఫ్లాట్‌లో కూర్చుని అడిగిన ప్రశ్నకు నువ్వు క్యాంపు నుంచి జవాబిచ్చావు. పైసల మాట వేరుచేయడం అన్నది మా ఇంట్లో కూడా ఈరోజే మొదలుపెడతాను. మా ఆవిడా నేనూ మాట్లాడుకునేది ఈఎంఐలూ స్కూల్ ఫీజులూ తప్ప ఇంకేం లేవు.

వార్డు_సిస్టర్ (విశాఖపట్నం)

రవి గారు అడిగిన ఏది ముందు, ఏది వెనక అన్నదానికి కొంత జవాబు ఉందండి. అమెరికా మనస్తత్వవేత్త జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్, ఆమె సహచరులు 2010లో 148 అధ్యయనాలను కలిపి చూశారు. మూడు లక్షల మందికి పైగా మనుషులు, సగటున ఏడున్నరేళ్ళు. సంబంధాలు బలంగా ఉన్నవాళ్ళు ఆ కాలంలో బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువ కనిపించింది. వాటిలో చాలా అధ్యయనాలు మొదట్లో ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో లెక్కలోకి తీసుకున్నాయి, అయినా తేడా నిలబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో అయితే ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని రాశారు.

నేను రోజూ చూసేది చెప్తాను. అడ్మిషన్ అప్పుడు పేషెంట్ తాలూకు ఎవరని అడుగుతాం, ఫారంలో రాయాలి కదా. కొందరు ఆ ప్రశ్నకే తడబడతారు. ఒక పెద్దాయన, ఇద్దరు కొడుకులున్నా, పక్కింటి టిఫిన్ బండి అమ్మాయి పేరు రాయమన్నారు. ఆ అమ్మాయి నిజంగానే పొద్దున బండి సర్దేసి వచ్చేది, ఆయనకు గడ్డం గీయించడానికి మంగలిని వెంటబెట్టుకుని. గడ్డం చేయించుకున్న రోజు ఆయన మాత్రలు మారాం చేయకుండా వేసుకునేవారు. ఇది మా వార్డులో అందరికీ తెలిసిన సంగతి.

మరీ దిగులుగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పెద్దవాళ్ళ కోసం 14567 ఎల్డర్ లైన్. రాసుకుని ఉంచండి.

మౌనంగా_ఉంటా (బెంగళూరు)

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. పెళ్ళిళ్ళకూ ఫంక్షన్లకూ వెళ్తే తలనొప్పి వస్తుంది. ఇలాంటి చర్చలు చదివినప్పుడల్లా నాలాంటివాళ్ళకు సంతోషం రాసిపెట్టి లేదేమోనని టెన్షన్. అందరూ కలుపుగోలుగా మారాల్సిందేనా?

ఒంగోలు_లక్ష్మి (ఒంగోలు)

అక్కర్లేదమ్మా. కాలేజీలో సైకాలజీ చెప్తాను కాబట్టి రెండు మాటలు. రాబిన్ డన్‌బార్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త అంచనా ప్రకారం ఏ మనిషికైనా బాగా లోపలి వలయంలో ఉండేది ఐదుగురే. ఒకరిద్దరున్నా లోటేం కాదు. నువ్వు ఏకాంతంగా కూర్చుని పుస్తకం చదువుకుంటూ హాయిగా ఉంటే అది జబ్బు కాదు. ఎవరైనా ఉంటే బాగుండునని మనసు కొట్టుకుంటున్నా ఎవరూ లేకపోతేనే బాధ.

ఇక దగ్గరితనం ఎక్కడ పెరుగుతుందనే దానికి, ఇక్కడ అందరూ కష్టాల గురించి చెప్పారు, నేను సంతోషాల గురించి చెప్తాను. షెల్లీ గేబుల్ అనే అమెరికా మనస్తత్వవేత్త చేసిన పరిశోధనల్లో, అవతలివాళ్ళు మంచి వార్త చెప్పినప్పుడు మనం ఎలా స్పందిస్తామన్నది బంధం ఎంత గట్టిదో బాగా పట్టిచ్చింది. కష్టంలో ఓదార్చడం కంటే కూడా.

నా విద్యార్థిని ఒకామెకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చింది. స్టాఫ్ రూమ్ బయట నిలబడి స్పీకర్ పెట్టి నాన్నకు ఫోన్ చేసింది. "ప్యాకేజీ ఎంత? బాండ్ ఏమన్నా రాయించుకుంటారా? చెన్నై అయితే హాస్టల్ ఖర్చెంత?" అన్నీ అవసరమైన ప్రశ్నలే, ఆయన ప్రేమకొద్దీ అడిగినవే. అమ్మాయి ముఖం మాత్రం వాడిపోయింది. తర్వాత అమ్మమ్మకు చేసింది. ఆవిడకు ప్లేస్‌మెంట్ అంటే ఏమిటో తెలియదు. "ఎప్పుడు తెలిసిందే? నీకెవరు చెప్పారు? పేరు చదివినప్పుడు ఏం చేశావు? ఏం తిన్నావు పొద్దుట్నించీ?" ఒక్కొక్కటే అడిగింది. ఆ పిల్ల వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఎంతసేపు చెప్పిందో! బాండ్ సంగతి రాత్రికి అడగొచ్చు. ముందు ఆ సంతోషంలో మనం కూడా ఒక పక్క కూర్చోవాలి.

మౌనంగా_ఉంటా (బెంగళూరు)

థాంక్స్ మేడం. నాకు ఇద్దరున్నారు. ఇద్దరికీ ఈ రాత్రి మెసేజ్ పెడతా.

తెనాలి_మాస్టారు (తెనాలి)

లక్ష్మి గారూ, మా అబ్బాయి కారు కొన్నానని చెప్పినప్పుడల్లా నేను మైలేజీ అడుగుతాను. ఈసారి మనవరాలు ముందు సీట్లో కూర్చుందా వెనక సీట్లో కూర్చుందా అని అడుగుతాను.

కడప_రాయుడు (కడప)

ఇన్ని మంచి మాటలు చదివాక నా గోడు పెడుతున్నా. మా అన్నా నేనూ మాట్లాడుకుని ఏళ్ళయింది. పొలం పంపకాల్లో మాట తేడా వచ్చింది. పెద్దమనుషులు కూర్చున్నారు, తెగలేదు, ఇప్పుడు కోర్టులో ఉంది. చిన్నప్పుడు ఒకే సైకిల్ మీద బడికి పోయినోళ్ళం. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తావంటే నా నోటికి మొదట వచ్చే పేరు ఇప్పటికీ ఆయనదే. కానీ ఫోన్ చేయలేను. చేస్తే కేసు వాపసు తీసుకోమని అడగడానికి అనుకుంటాడు. ఎట్లా మొదలుపెట్టాలి?

ఇందూరు_పద్మ (నిజామాబాద్)

రాయుడు అన్నా, భూమి మాటను ఈ ఫోన్‌లోకి అసలు రానివ్వొద్దు. దుబాయ్ తమ్ముడు పైసల మాట విడదీసినట్టు మీరు కేసు మాట విడదీయాలి. అది లాయర్ల దగ్గరే ఉండనివ్వండి. ఆయన ఎత్తినా "అది కోర్టు చూసుకుంటది అన్నా, నేను దానికి చేయలేదు" అనండి. మధ్యవర్తులను మాత్రం పంపకండి. మధ్యలోవాళ్ళు ఒక మాటకు నాలుగు కలుపుతారు.

లెక్కల_రవి (పుణే)

ఒక జాగ్రత్త. ఒకవేళ ఆయన సరిగ్గా మాట్లాడకపోతే అక్కడితో వదిలేయకండి, వెంటనే మళ్ళీ మళ్ళీ చేయకండి కూడా. పండక్కో పబ్బానికో మళ్ళీ ఒకసారి పలకరించండి. అవతలివాళ్ళకూ దారి మార్చుకోవడానికి కొంత సమయం కావాలి. అన్ని తలుపులూ తెరుచుకుంటాయని నేను అనను, ఈ ఒక్కదానికి ప్రయత్నం చేయాల్సిందే అంటాను.

కడప_రాయుడు (కడప)

వచ్చే నెల నాయన తద్దినం ఉంది. గొడవైనప్పటి నుంచి ఆయన ఇంట్లో ఆయన, మా ఇంట్లో నేను విడివిడిగా పెడుతున్నాం. ఈసారి అన్న ఇంట్లోనే కలిసి పెడదామని అడిగితే ఎట్లుంటుంది?

తెనాలి_మాస్టారు (తెనాలి)

బాగుంటుంది నాయనా. పెద్దవాడింట్లో పెడదామని చిన్నవాడు అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆయనకు నేరుగా చేయడం కష్టమైతే ముందు మీ వదినగారికి చేయండి. ఈసారి తిథి ఏ రోజు పడిందో ఆవిడనే అడగండి, మీకు తెలిసినా సరే. తర్వాత మీ నాయనకు ఏ కూర ఇష్టమో గుర్తుచేసి, ఆ రోజు కూరగాయలు మీరు తెస్తానని చెప్పండి.